ప్రపంచ విజేత తుక్తమిషేవాకి ఒక్క ఒలింపిక్స్ కూడా ఎందుకు దక్కలేదు?

గోదారిగట్టు అడిగిన ప్రశ్న:

రష్యా ఫిగర్ స్కేటర్ ఎలిజవేటా తుక్తమిషేవా 2015లో షాంఘైలో 210.36 పాయింట్లతో ప్రపంచ టైటిల్ గెలిచింది. రెండో స్థానంలో ఉన్న జపాన్ అమ్మాయి మియహారాకీ తనకీ దాదాపు 17 పాయింట్ల తేడా. మళ్ళీ 2021లో స్టాక్‌హోమ్‌లో రజతం. అయినా సోచి (2014), ప్యాంగ్‌చాంగ్ (2018), బీజింగ్ (2022) ఒలింపిక్స్ మూడింటికీ రష్యా జట్టులో పేరు లేదు. ఎక్కడ చూసినా "రాజకీయం చేశారు" అనే మాటే కనబడుతోంది. సెలక్షన్ పద్ధతి, స్కోరింగ్ తెలిసినవాళ్ళు ఏ ఏడాది ఏం జరిగిందో కాస్త విడమరిచి చెబుతారా? ట్రిపుల్ యాక్సెల్ (గాల్లో మూడున్నర చుట్ల జంప్) చేతిలో ఉండి కూడా క్వాడ్లు (నాలుగు చుట్ల జంపులు) వేసే పిల్లల ముందు ఎందుకు నిలవలేకపోయిందో కూడా చెప్పండి.

మంచుగీత:

రాజకీయం కన్నా ఇందులో క్యాలెండర్ పాత్రే ఎక్కువండి.

ఆవిడ పుట్టింది 1996 డిసెంబరు 17న, ఉద్ముర్తియాలోని గ్లాజోవ్‌లో. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అలెక్సీ మిషిన్ శిష్యురాలు. ఒలింపిక్ విజేత ప్లుషెంకో గురువు కూడా ఆయనే. 14 ఏళ్ళకే, 2011లో, సీనియర్ గ్రాండ్ ప్రీలోకి (ఏటా జరిగే అంతర్జాతీయ పోటీల వరస) వచ్చీ రాగానే కెనడాలోనూ పారిస్‌లోనూ వరసగా రెండు స్వర్ణాలు కొట్టింది. అప్పటి రూలు ప్రకారం గ్రాండ్ ప్రీకి 14 నిండితే చాలు. ప్రపంచ పోటీలకి మాత్రం అంతకుముందు జులై 1 నాటికి 15 నిండి ఉండాలి. అందుకే మంచి ఊపు మీదున్న ఆ సీజన్‌లో ప్రపంచ పోటీలకి వెళ్ళే వీల్లేక, ఇన్స్‌బ్రూక్‌లో యూత్ ఒలింపిక్స్ ఆడి స్వర్ణం తెచ్చుకుంది.

సోచి సంగతి 2013లోనే తేలిపోయింది. ఒక దేశానికి గరిష్ఠంగా ముగ్గురు. ముందు ఏడాది ప్రపంచ పోటీల్లో ఆ దేశపు మొదటి ఇద్దరి స్థానాలు కలిపితే 13 దాటకూడదు. దాటి 28 లోపు ఉంటే రెండే బెర్తులు. 2013లో కెనడాలోని లండన్‌లో సోత్నికోవా 9, తుక్తమిషేవా 10. మొత్తం 19. అంటే ఆతిథ్య దేశమై ఉండి కూడా రష్యాకి రెండే బెర్తులు. మూడోది పోవడంలో ఆవిడ పదో స్థానానికీ వాటా ఉందన్నది అభిమానులు పెద్దగా ఎత్తని విషయం. ఆ తర్వాతి సీజన్‌లో ఒళ్ళు ఎదిగి జంపులు గతి తప్పాయి. డిసెంబరు జాతీయ పోటీల్లో పతకాల దరిదాపుల్లోకే రాలేదు. జనవరిలో బుడాపెస్ట్ యూరోపియన్ పోటీల్లో లిప్నిత్స్కాయా స్వర్ణం, సోత్నికోవా రజతం తెచ్చేశాక ఇక చర్చకి తావెక్కడిది?

2014-15 ఆవిడ ఏడాది. గ్రాండ్ ప్రీ ఫైనల్, యూరోప్, ప్రపంచం, మూడూ ఆవిడవే. రష్యా మహిళకి ప్రపంచ టైటిల్ రావడం 2005లో స్లుత్స్కాయా తర్వాత అదే మొదటిసారి. కానీ ఒలింపిక్స్‌కి ఇంకా మూడేళ్ళుంది! 2015-16లోనే జాతీయ పోటీల్లో 8వ స్థానానికి జారింది. ప్యాంగ్‌చాంగ్ ఏడాది కూడా కోలుకోలేదు. ఈసారి బెర్తులు మూడున్నా అవి మెద్వెదెవా, జగితోవా, సోత్స్కోవాలకి వెళ్ళాయి.

అసలు నిజంగా బాధపడాల్సింది 2018-19కి. కెనడాలో స్వర్ణం, గ్రాండ్ ప్రీ ఫైనల్లో కాంస్యం, మళ్ళీ నిలకడగా ట్రిపుల్ యాక్సెల్. సరిగ్గా డిసెంబరులో న్యుమోనియా పట్టుకుంది, జాతీయ పోటీలు పోయాయి. రష్యాలో అప్పట్లో యూరోపియన్ జట్టుని దాదాపుగా ఆ పోటీల ఫలితం మీదే కట్టేవారు. ప్రపంచ పోటీల మూడో బెర్తుకి ఫిబ్రవరిలో రష్యన్ కప్ ఫైనల్ కీలకమైంది. అక్కడ మెద్వెదెవా ముందు నిలిచింది, బెర్తు ఆమెకే వెళ్ళింది, ఆమె వెళ్ళి కాంస్యం తెచ్చింది. కాబట్టి ఆ నిర్ణయాన్నీ తప్పుపట్టలేం.

వరంగల్_వాలు:

పైన చెప్పింది కరెక్టే. ఒక్క ముచ్చట కలుపుత. రష్యా జాతీయ పోటీల ర్యాంకు చూసి ఆగం కావద్దు అన్నా. సీనియర్ అంతర్జాతీయ పోటీలకు వయసు సరిపోని పిల్లలు గూడ అప్పట్ల అండ్ల దిగేటోళ్ళు. 2017 డిసెంబర్ల మూడో స్థానం కొస్తోర్నాయాది, ఆమెకు ఒలింపిక్స్ ఆడే వయసే లేకుండె. గందుకే ఎవరి ర్యాంకు చూసినా ముందుగాల చిన్న పిల్లలను తీసేసి లెక్కవెట్టాలె. బీజింగ్‌కు ముందు, 2021 డిసెంబర్ల, గా లెక్కతోని గూడ పనిలేదు. మొదటి మూడు స్థానాలు వలియేవా, త్రుసోవా, షెర్బకోవా, ముగ్గురికీ వయసుంది, ముగ్గురూ తుత్బెరిద్జే శిష్యులే. నెల తిరగకముందే తాలిన్‌ల యూరోప్ పతకాలు మూడూ వాళ్ళే పట్టుకచ్చిన్రు. ఇంగ ఎవర్ని తీసేస్తరు?

ప్రోటోకాల్_పంతులు:

రెండో ప్రశ్నకి నేను లెక్క చెబుతాను. బీజింగ్ నాటి బేస్ విలువలు (ఒక్కో జంపుకి ముందే కట్టి ఉంచిన మార్కులు) తీసుకుందాం: ట్రిపుల్ యాక్సెల్ 8.0, ట్రిపుల్ లుట్జ్ 5.9, ట్రిపుల్ ఫ్లిప్ 5.3. క్వాడ్లలో టో లూప్ 9.5, సాల్కో 9.7, ఫ్లిప్ 11.0, లుట్జ్ 11.5.

పోటీలో రెండు భాగాలు: ముందు షార్ట్ ప్రోగ్రామ్, తర్వాత ఫ్రీ స్కేట్. ఫ్రీ స్కేట్‌లో జంపులకి ఏడు అవకాశాలు. బీజింగ్‌లో త్రుసోవా అయిదింట్లో క్వాడ్లు పెట్టింది: ఫ్లిప్, సాల్కో, టో లూప్, రెండు లుట్జ్‌లు. కాంబినేషన్‌లో తగిలించేవి పక్కన పెడితే వీటి బేస్ మొత్తమే 53.2. క్వాడ్ లేనివాళ్ళు ఎంత బరువుగా పేర్చుకున్నా రెండు ట్రిపుల్ యాక్సెల్‌లు, రెండు లుట్జ్‌లు, ఒక ఫ్లిప్ కలిపి 33.1. మంచు మీద కాలు పెట్టకముందే 20.1 పాయింట్ల లోటు.

"కళతో పూడ్చుకోవచ్చు కదా" అంటారు. అప్పట్లో కాంపొనెంట్లు, అంటే కళకి మార్కులిచ్చే అంశాలు, అయిదు, మహిళల ఫ్రీ స్కేట్‌లో గుణకం 1.6. అంటే అయిదింట్లోనూ ఒక్కో మార్కు ఎక్కువ వస్తే దక్కేది 8 పాయింట్లు. 20.1 పూడ్చాలంటే ప్రతి కాంపొనెంట్‌లో ప్రత్యర్థి కన్నా రెండున్నర మార్కులు ఎక్కువ కావాలి. పతకాల పోటీలో అంత తేడా ఏ జడ్జీ ఇవ్వడు. ఎదటివాళ్ళు రెండు మూడు క్వాడ్లు చెడగొట్టుకుంటే తప్ప దారి లేదు. స్టాక్‌హోమ్‌లో జరిగింది దాదాపు అదే. షార్ట్ ప్రోగ్రామ్‌లో 12వ స్థానానికి పడిపోయిన త్రుసోవా ఎంత ఎగబాకినా కాంస్యం దగ్గరే ఆగింది, తుక్తమిషేవా 220.46తో పైన నిలిచింది.

గోదారిగట్టు:

ఫ్రీ స్కేట్ లెక్క అర్థమైంది, ధన్యవాదాలు. మరి షార్ట్ ప్రోగ్రామ్‌లో? అక్కడ మహిళలకి క్వాడ్ నిషేధం కదా, యాక్సెల్ ఉన్నవాళ్ళదే పైచేయి కావాలి. ఒకవేళ పడితే ఎంత పోతుంది?

ప్రోటోకాల్_పంతులు:

అవును, షార్ట్‌లో ఆవిడ ఆయుధం అదే. తప్పనిసరి యాక్సెల్‌ని డబుల్‌గా చేస్తే 3.3, ట్రిపుల్‌గా చేస్తే 8.0. 2015లో తేడా ఇంకా ఎక్కువ, అప్పుడు ట్రిపుల్ విలువ 8.5.

పడితే లెక్క ఇదీ. చుట్లు పూర్తిగా తిరిగి పడితే జీఓఈ (జంపు చేసిన తీరుకి జడ్జీలు కలిపే లేదా కోసే మార్కు) మైనస్ 5, అంటే బేస్‌లో సగం, 4.0 పోతుంది. పడినందుకు విడిగా ఇంకో 1. మిగిలేది 3.0. శుభ్రంగా చేసిన డబుల్ కన్నా తక్కువ. పావు చుట్టు దాటి లోటుంటే ప్రోటోకాల్‌లో, అంటే మార్కుల పట్టీలో, బాణం గుర్తు పడి బేస్ 80 శాతానికి, అంటే 6.4కి దిగుతుంది. దాంతో పడితే మిగిలేది 2.2. అర చుట్టు, ఆ పైన తగ్గితే రెండు బాణాలు, దాన్ని డబుల్‌గానే లెక్కిస్తారు. పడితే చేతికొచ్చేది 0.65. రీప్లేలో దిగే కాలి బ్లేడు మంచుని తాకిన క్షణం దగ్గర ఆపి చూడండి. వెనక్కి తిరిగి ఉండాల్సిన కాలు పక్కని కూడా దాటి ముందువైపుకి ఉంటే బాణం ఖాయం.

దీనికి మంచి ఉదాహరణ తుక్తమిషేవా కాదు, త్రుసోవానే. బీజింగ్ షార్ట్‌లో ట్రిపుల్ యాక్సెల్‌కి ప్రయత్నించి పడింది, 74.60 వచ్చింది. ఫ్రీలో 177.13తో అందరికన్నా పైన నిలిచినా చివర్లో షెర్బకోవా కన్నా 4.22 వెనకబడింది. ఆ ఒక్క జంపుకి పోయిందే తక్కువలో తక్కువ 5. తుక్తమిషేవా షార్ట్‌నీ త్రుసోవా ఫ్రీనీ కలిపి ఒక మనిషిని చేస్తే ఇక పోటీ పెట్టక్కర్లేదు.

శ్రీకాకుళం_చలి:

లెక్కలన్నీ వచ్చాయి గానీ, పిల్లలకి క్వాడ్ ఎందుకు వస్తుంది, పెద్దయ్యాక ఎందుకు పోతుంది అన్నది ఎవరూ ముట్టుకోలేదు. గాల్లో ఉండేది అర సెకనుకి కాస్త పైన. అంతలో నాలుగు చుట్లు తిరగాలంటే ఒంటి బరువంతా నడిమి అక్షానికి దగ్గరగా ఉండాలి. తుంటి సన్నగా ఉన్న 14 ఏళ్ళ పిల్ల చేతులు గుండెకి లాక్కోగానే వేగం అందుకుంటుంది. ఎదిగాక అదే ఎత్తు ఎగిరినా పావు చుట్టు మిగిలిపోతుంది. దాన్ని ఎత్తుతో పూడ్చుకోవాలి, అంటే తొడల బలం, టేకాఫ్ అంచు మీద పట్టు. యాక్సెల్ ఒక్కటే ముందుకి చూస్తూ ఎగిరే జంప్, మూడున్నర చుట్లు. తుక్తమిషేవాది మొదటినుంచీ బలం మీద లేచే జంప్ కాబట్టే 24 ఏళ్ళకి కూడా నిలిచింది.

జగితోవాని చూడండి. 15 ఏళ్ళకి ఒలింపిక్ స్వర్ణం, అదే వసంతంలో మిలాన్ ప్రపంచ పోటీల్లో 5వ స్థానం, మరుసటేడు ప్రపంచ టైటిల్, 2019 డిసెంబరులో 17 ఏళ్ళకే పోటీలకి విరామం. లిప్నిత్స్కాయా 19 ఏళ్ళకే మానేసింది.

2022 జూన్‌లో అంతర్జాతీయ సమాఖ్య సీనియర్ల కనీస వయసు పెంచింది: 2023-24కి 16, 2024-25 నుంచి 17. ఈ రూలు ముందే ఉంటే లిప్నిత్స్కాయా సోచికి, జగితోవా ప్యాంగ్‌చాంగ్‌కి, వలియేవా బీజింగ్‌కి వెళ్ళేవాళ్ళే కాదు. తుక్తమిషేవాకి మాత్రం అది పనికిరాకుండా పోయింది. రూలు రాకముందే, 2022 మార్చి 1 నుంచి, రష్యా వాళ్ళకి అంతర్జాతీయ పోటీలు మూసేశారు.

గోదారిగట్టు:

ఒక్క సందేహం, అంతే. డోపింగ్‌లో పట్టుబడ్డ వలియేవా శాంపిల్ తీసుకున్నది ఆ జాతీయ పోటీల్లోనే కదా, 2021 డిసెంబరు 25న. ఆ తేదీ నుంచి ఫలితాలు రద్దయ్యాయంటే, లెక్క ప్రకారం ఇంకొకరు బీజింగ్ వెళ్ళాల్సింది కాదా?

మంచుగీత:

ఫలితం సమయానికి వచ్చి ఉంటే రిజర్వులోంచి ఒకరు వెళ్ళేవాళ్ళు. అది బయటపడింది 2022 ఫిబ్రవరి 8న, టీమ్ ఈవెంట్ ముగిసిన మర్నాడు. నాలుగేళ్ళ నిషేధం తీర్పు వచ్చిందేమో 2024 జనవరి 29న. ఫలితాలని వెనక తేదీ నుంచి కొట్టేయొచ్చు, పతకాలు చేతులు మార్చొచ్చు. టీమ్ స్వర్ణం అమెరికాకి అలాగే వెళ్ళింది. ఆడని మనిషికి మాత్రం వెనక తేదీతో బెర్తు ఇవ్వలేరు.