డెంగీ రెండోసారి వస్తే ఎందుకు ముదురుతుంది?

నాగావళి:
డెంగీ వైరస్‌లు 4 రకాలు. ఒకటి వచ్చిపోయాక ఒంట్లో యాంటీబాడీలు ఉంటాయి కదా, ఇంకో రకం సోకితే కొంతైనా అడ్డుపడాలి. మరి జబ్బు ముదిరేది వాటివల్లే అంటారేంటండీ? ప్లాస్మా (రక్తంలోని నీటి భాగం) నాళాల్లోంచి బయటికి కారడం కూడా సరిగ్గా జ్వరం దిగే వేళకే ఎందుకు?

ల్యాబ్‌బెంచి:
అడ్డుపడతాయి, కొన్ని నెలలపాటు. ఆ తర్వాత మోతాదు తగ్గిపోతుంది. మిగిలినవి కొత్త రకానికి అతుక్కుంటాయి గానీ దాన్ని ఆపలేవు. పైగా యాంటీబాడీ తోకను మోనోసైట్లు (ఒక రకం తెల్లరక్తకణాలు) పట్టుకుని లోపలికి లాక్కుంటాయి, దాంతోపాటే వైరస్సూ దూరిపోతుంది. 2017లో వచ్చిన నికరాగువా పిల్లల అధ్యయనంలో టైటర్ (యాంటీబాడీల మోతాదు కొలత) 1:21 నుంచి 1:80 మధ్య ఉన్నవాళ్లకే ముప్పు ఎక్కువ. బాగా ఉన్నా, అసలు లేకపోయినా తక్కువే. క్యూబాలో 1977లో 1వ రకం పాకింది. 20 ఏళ్ల తర్వాత, 1997లో 2వ రకం వచ్చినప్పుడు దెబ్బతిన్నది ఎక్కువగా ఆ పాతవాళ్లే.

పిప్పలి:
పసిపిల్లల సంగతి మర్చిపోయారు. 6–9 నెలల వయసులో మొదటిసారికే ముదురుతుంది, తల్లి ఇచ్చిన యాంటీబాడీలు అప్పటికి సగం సగంగా మిగులుతాయి కాబట్టి.
ఇక జ్వరం మాట. అది దిగేటప్పటికి రక్తంలో వైరస్ తగ్గుతూ ఉంటుంది, వైరస్‌తో పోరాడే టీ కణాలు, రోగనిరోధక కణాలు వదిలే సైటోకైన్ రసాయనాలు మాత్రం మంచి ఊపు మీద ఉంటాయి. వైరస్ వదిలే ఎన్‌ఎస్1 ప్రొటీన్ కూడా రక్తనాళాల లోపలి పూతను గీకేస్తుంది. ఆ 24–48 గంటలే గండం. అన్నట్టు, రెండోసారి ఎన్‌ఎస్1 పరీక్ష నెగెటివ్ వచ్చినా నమ్మొద్దు. పాత ఐజీజీ యాంటీబాడీ ఆ ప్రొటీన్‌ను చుట్టేసి కిట్‌కు అందనివ్వదు.

నాగావళి:
అయితే రోజూ ప్లేట్‌లెట్లు చూసుకుంటే చాలా?

పిప్పలి:
చాలదండీ. ప్లేట్‌లెట్ల మీద అందరికీ ఉన్న బెంగలో సగం పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) మీద ఉంటే బాగుండు. 38 ఉన్నది 46కి ఎక్కిందంటే 20 శాతం దాటింది, ప్లాస్మా కారుతోందని అర్థం. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఆ కారడం ఆగదు.

ల్యాబ్‌బెంచి:
కారడం ఆగాక ఆ నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడూ సెలైన్ అదే వేగంతో పోనిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. బీపీలో పై అంకె ఒక్కటే చూసి ఊరుకోవద్దు: 100/85 చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, కానీ తేడా 15. పిల్లల్లో 20 లేదా అంతకు తక్కువైతే షాక్ మొదలైనట్టే.