బర్డ్ ఫ్లూ పొదుగులోకి ఎలా వెళ్తుందండీ? వెటర్నరీ వాళ్లెవరైనా ఉంటే చెప్పండి

మాది పశ్చిమ గోదావరి, ఇంట్లో ఒక గేదె, కొన్ని నాటుకోళ్లు ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో ఇటువైపు కోళ్లకి హెచ్5ఎన్1 (బర్డ్ ఫ్లూ వైరస్) వచ్చిన దగ్గర్నుంచి దీని గురించి చదువుతున్నా. వైరస్ మీదున్న హీమగ్లుటినిన్ ప్రోటీన్‌ని ఒక ఎంజైమ్ కోస్తేనే అది పనిచేస్తుందట, మామూలు రకాల్ని కోసే ఎంజైమ్ ఊపిరితిత్తుల్లో, పేగుల్లోనే దొరుకుద్ది, ఈ ముదురు రకాన్ని కోసేది ఒళ్లంతా దొరుకుద్ది, అందుకే మెదడు, గుండె దాకా పాకి కోడి రెండ్రోజుల్లో పోతుంది, సరే ఇది అర్థమైంది.

అర్థం కానిది ఆవుల సంగతే. 2024లో అమెరికా పాడి ఆవుల్లో ముక్కులో కంటే పాలల్లోనే వైరస్ బాగా ఎక్కువ కనిపించిందట, పొదుగు కణాలకి పక్షుల టైపు రిసెప్టర్లు (వైరస్ అతుక్కునే చోట్లు) ఉన్నాయట, పాలు పితికే మెషీన్ల వల్ల పాకిందంటున్నారు. మరి మొదటిసారి లోపలికి ఎలా వెళ్లింది, చనుమొన రంధ్రం నుంచా, ముక్కు నుంచి రక్తంలో కలిసా? గేదె పొదుగులో కూడా అవే రిసెప్టర్లు ఉంటాయా? పాలు కాచే తాగుతాం, ఆ భయం లేదు గానీ మా కోళ్లు, కొంగలు అన్నీ గేదె కుడితి తొట్టి దగ్గరే, ఆ తొట్టి వేరే చోటికి మార్చాలంటారా?