యాప్‌లో అంతా క్లియర్, అయినా పార్కులో డ్రోన్ దించమన్నారు. ఎవరి రూల్ పాటించాలి?

గాలిపటం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయికి పన్నెండేళ్లు నిండాయని ఈమధ్యే ఒక చిన్న డ్రోన్ కొన్నాను, 249 గ్రాములది. కొన్న రోజే ఎగరేయలేదు. వారం పాటు రోజూ రాత్రి కూర్చుని ఎఫ్‌ఏఏ (అమెరికా కేంద్ర విమానయాన సంస్థ) రూల్స్ చదివాను. సరదాకి డ్రోన్ ఎగరేసేవాళ్లు రాయాల్సిన ట్రస్ట్ అనే పరీక్ష నేనూ రాశాను, వాడిచేతా రాయించాను. 250 గ్రాముల లోపు, అదీ సరదాకే కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని తెలుసుకున్నాను. 400 అడుగులు దాటకూడదు, డ్రోన్ ఎప్పుడూ కంటికి కనిపిస్తూ ఉండాలి, ఇవన్నీ వాడికి బట్టీ వచ్చేశాయి.

పోయిన ఆదివారం జనం ఉండరని పొద్దున్నే దగ్గర్లోని కౌంటీ (మన జిల్లా లాంటిది) పార్కుకి వెళ్లాం. ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే యాప్‌లో చూస్తే ఎయిర్‌పోర్టు పరిధి కాదు, ఏ ఆంక్షా లేదు. గడ్డి తడిగా ఉందని పాత టవల్ పరిచి దాని మీంచి లేపాం. రెండో బ్యాటరీ సగంలో ఉండగా ఒక ఆఫీసర్ వచ్చి, మర్యాదగానే, దించెయ్యమన్నారు. ట్రస్ట్ సర్టిఫికెట్ ఫోన్లో చూపించాను. ఆయన పూర్తిగా చదివి, "మంచిదే, కానీ ఇది ఈ పార్కుకి పర్మిషన్ కాదు" అని పార్కింగ్ దగ్గరున్న నిషేధాల బోర్డు చూపించారు. మద్యం, కుక్కలు, మంటలు అన్నీ అయ్యాక కింద నుంచి రెండో లైన్లో "మోడల్ విమానాలు" అని ఉంది. డ్రోన్ అనే మాట ఎక్కడా లేదు. ఫైన్ వేయలేదు, పేరు రాసుకుని వార్నింగ్‌తో వదిలేశారు.

కారెక్కాక మా వాడు "నాన్నా, మనం తప్పు చేశామా?" అని అడిగాడు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఆకాశం మొత్తం ఎఫ్‌ఏఏది అంటారు కదా, మరి కౌంటీకి ఆ అధికారం ఎక్కడిది? పైగా నేను హెచ్-1బీ మీద ఉన్నాను, ఇలాంటివి రికార్డులోకి ఎక్కుతాయేమో అని టెన్షన్. రేపు పెద్ద డ్రోన్ కొంటే అసలు నా పేరు మీద రిజిస్టర్ చేసుకోవచ్చా?

తూర్పుగాలి

గాలిపటం గారూ, నేను 2016 నుంచి ఎగరేస్తున్నాను, మొదట న్యూజెర్సీలో, ఇప్పుడు పెన్సిల్వేనియాలో. ముందు మీ అబ్బాయికి ఈ మాట చెప్పండి: ఆకాశం విషయంలో మీరు ఏ తప్పూ చేయలేదు. నేల విషయం కనుక్కోకుండా వెళ్లారు, అంతే. నేను కలిసిన కొత్తవాళ్లలో చాలామంది ఇక్కడే పొరబడ్డారు, ఎందుకంటే ఆ యాప్‌లు ముఖ్యంగా చూపించేది ఆకాశాన్నే.

ఎంత ఎత్తులో, ఏ దారిలో ఎగరాలి, ఎయిర్‌పోర్టుకి ఎంత దూరంలో ఉండాలి, ఇవన్నీ ఫెడరల్, అంటే ఎఫ్‌ఏఏ చేతిలోవి. డ్రోన్ ఎక్కడి నుంచి లేవాలి, ఎక్కడ దిగాలి అన్నది ఆ స్థలం ఎవరిదో వాళ్ల ఇష్టం. పార్కు కౌంటీది కాబట్టి టవల్ పరిచిన ఆ చోటు మీద వాళ్ల మాట చెల్లుతుంది. నేషనల్ పార్కులు చేసిందీ ఇదే. 2014లో నేషనల్ పార్క్ సర్వీస్ తన స్థలాల్లో డ్రోన్ లేపడం, దించడం, అక్కడ నిలబడి నడపడం నిషేధించింది. దానికి 5,000 డాలర్ల దాకా ఫైన్, ఆరు నెలల దాకా జైలు. గ్రాండ్ కాన్యన్ ట్రిప్‌కి డ్రోన్ తీసుకెళ్దామనుకునే మనవాళ్లందరికీ నేను ముందు చెప్పేది ఇదే.

అలాగని ఊళ్లు ఏది రాస్తే అది చెల్లిపోదు. మసాచుసెట్స్‌లో న్యూటన్ అనే ఊరు 2016లో ఒక ఆర్డినెన్స్ (ఊరి చట్టం) తెచ్చింది. ప్రతి డ్రోన్‌నీ ఊళ్లో రిజిస్టర్ చేయించాలి, ఎవరి స్థలం మీదైనా 400 అడుగుల లోపు ఎగరేయాలంటే వాళ్ల అనుమతి తీసుకోవాలి. ఆ ఊరి నివాసి ఒకాయన కోర్టుకి వెళ్తే, 2017లో ఫెడరల్ జడ్జి ఆ నిబంధనలు కొట్టేశారు. 400 అడుగుల పైన ఎఫ్‌ఏఏ వద్దంటోంది, లోపల ఊరు వద్దంటోంది, ఇక ఎగిరేదెక్కడ? తీర్పు సారాంశం అది.

మరి మన పెరటి మీద గాలి ఎవరిది? దీనికి ఇప్పటికీ అందరూ 1946 నాటి సుప్రీంకోర్టు కేసు దగ్గరికే వెళ్తారు. నార్త్ కరోలినాలో కోళ్లు పెంచుకునే కాజ్‌బీ అనే ఆయన ఇంటి మీదుగా సైనిక విమానాలు 83 అడుగుల ఎత్తులో వెళ్లేవి. కోళ్లు బెదిరి గోడలకి కొట్టుకుని చచ్చిపోయేవి. పైన ఆకాశమంతా నేల యజమానిదే అన్న పాత సూత్రం ఇక చెల్లదని, కానీ అతను అనుభవించగలిగినంత ఎత్తు మాత్రం అతనిదేనని కోర్టు చెప్పింది. ఆ ఎత్తు ఎన్ని అడుగులో తేల్చలేదు. అందుకే పక్కింటి పెరటి మీద తక్కువ ఎత్తులో ఎగరేయవద్దని నా సలహా. చట్టం సంగతి తర్వాత, మీ ఇంటి పెరట్లో బట్టలు ఆరేస్తుంటే తల మీద కెమెరా తిరిగితే మీకెలా ఉంటుంది?

న్యూజెర్సీకి 2018లో వచ్చిన రాష్ట్ర చట్టం ఉంది. తాగి డ్రోన్ నడిపితే నేరం, కారుకి లాగే 0.08 శాతం పరిమితి. జైళ్ల దగ్గరికి పంపకూడదు, పోలీసులకీ ఫైర్ వాళ్లకీ అడ్డు రాకూడదు. దీనికి విరుద్ధంగా ఊళ్లు సొంత రూల్స్ పెట్టకూడదని అందులోనే ఉంది. కానీ పార్కుల యజమానులుగా కౌంటీలు నియమాలు పెట్టుకుంటూనే ఉన్నాయి. స్టేట్ పార్కుల్లోనూ ముందస్తు అనుమతి లేకుండా కుదరదు. పార్కు గడ్డి మీద నిలబడి ఆఫీసర్‌తో ఈ చట్టం గురించి వాదించకండి. దించేసి, ఇంటికొచ్చి ఈమెయిల్ రాయండి.

వెతకడం ఎలాగంటే, మీ ఊరి మునిసిపల్ కోడ్ ఆన్‌లైన్లో ఉంటుంది. న్యూజెర్సీ ఊళ్లలో చాలావాటివి ఈకోడ్360 అనే సైట్లో దొరుకుతాయి. కౌంటీ పార్కుల రూల్స్ కౌంటీ సైట్లో చూడాలి. డ్రోన్ అని మాత్రమే వెతికితే ఏమీ రాకపోవచ్చు. "మోడల్ ఎయిర్‌క్రాఫ్ట్", "అన్‌మ్యాన్డ్", "రేడియో కంట్రోల్" అని కూడా కొట్టి చూడండి. మీరు చూసిన బోర్డులో మాటలాగే, పాత రూల్స్ పాత పేర్లతోనే ఉంటాయి.

రిజిస్ట్రేషన్ వీసా మీద ఉన్నా చేసుకోవచ్చు. 5 డాలర్లు, మూడేళ్లు చెల్లుతుంది, సరదాకి ఎగరేసే మీ డ్రోన్లన్నిటికీ ఒకటే నంబరు. పౌరసత్వం, గ్రీన్ కార్డు లేనివాళ్ల విషయంలో ఆ రిజిస్ట్రేషన్ కాగితాన్ని డ్రోన్ మీదే అన్న గుర్తింపుగా ఎఫ్‌ఏఏ చూస్తుంది, తేడా అంతే. 250 గ్రాములు లేదా అంతకు మించితే రిమోట్ ఐడీ (ఎగురుతూ తన గుర్తింపు, ఉన్న చోటు సిగ్నల్‌గా పంపే ఏర్పాటు) కూడా ఉండాలని మర్చిపోకండి. వార్నింగ్ అంటే టికెట్ కాదు, కోర్టు తేదీ ఏమీ ఉండదు. మనసు కుదుటపడకపోతే మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక్క మాట అడగండి.

డాలస్ బాబాయ్

తూర్పుగాలి గారు నేల గురించి చెప్పారు. ఆకాశం కూడా రోజుకోలా ఉంటుందని నేను చెప్తాను. 30,000 మందికి పైగా పట్టే స్టేడియంలో పెద్ద లీగ్ బేస్‌బాల్, ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్) లాంటి మ్యాచ్ ఉంటే, గంట ముందు నుంచి అయిపోయిన గంట దాకా చుట్టూ 3 నాటికల్ మైళ్లు ఎగరకూడదు. మామూలు మైళ్లలో దాదాపు మూడున్నర. మీ 249 గ్రాముల దానికీ అదే రూల్. డాలస్ పక్కనున్న మా ఆర్లింగ్టన్‌లో బేస్‌బాల్ సీజన్ మొదలైతే పొద్దున చూసుకున్న మ్యాపు సాయంత్రానికి పనికిరాదు. మా వీధిలో ఒక కుర్రాడు మ్యాచ్ రోజు సాయంత్రం లేపబోతుంటే నేనే పరిగెత్తి ఆపాను.

టెక్సాస్‌లో ఫొటోల మీద 2013 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. నిఘా ఉద్దేశంతో ఎవరి ప్రైవేటు స్థలాన్నో, అందులోని మనుషుల్నో తీస్తే నేరం. న్యూజెర్సీ నుంచి ఇటు మారితే మళ్లీ మొదటి నుంచి చదువుకోవాల్సిందే బాబూ.

సియాటిల్ వదిన

ఇంకో విషయం, మనవాళ్లలో తరచూ జరిగేది. "అన్నా, మా గృహప్రవేశానికి పైనుంచి నాలుగు షాట్లు తియ్యవా" అంటారు. స్నేహితుడి కోసం ఊరికే తీస్తే సరదానే. అదే వీడియో రియల్టర్ (ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు) తన లిస్టింగ్‌లో, అంటే అమ్మకం ప్రకటనలో, వాడుకుంటానని ముందే అడిగితే, డబ్బు తీసుకోకపోయినా అది సరదా కాదు. పార్ట్ 107 అనే ఎఫ్‌ఏఏ డ్రోన్ పైలట్ లైసెన్సు కావాలి, సెంటర్‌కి వెళ్లి 175 డాలర్లు కట్టి పరీక్ష రాయాలి. అప్పుడు 249 గ్రాముల డ్రోన్‌కైనా రిజిస్ట్రేషన్ తప్పదు. మా ఆయన ఈ తేడా తెలియక ఒప్పేసుకుని, ఆ ముందు రాత్రి ఫోన్ చేసి కాదనాల్సి వచ్చింది. ఆ రియల్టర్ ఇప్పటికీ మాతో సరిగ్గా మాట్లాడరు.

గాలిపటం

అందరికీ చాలా థ్యాంక్స్. సోమవారం పార్కు ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆ పార్కులో పర్మిట్ పద్ధతే లేదని చెప్పారు, అడిగినందుకు సంతోషించారు కూడా. రూల్ ఉన్న పేజీ ఈమెయిల్‌లో పంపారు. అందులోనూ "మోడల్ విమానాలు" అనే ఉంది. ఆ మాట మార్చి డ్రోన్ అని స్పష్టంగా రాయమని, ఏదో ఒక మూల ఆదివారం పొద్దున రెండు గంటలు కేటాయించమని జవాబు రాశాను. కింద మా వాడు కూడా తన పేరు రాశాడు.

ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయనకి హంటర్డన్ కౌంటీలో ఆరెకరాల పొలం ఉంది. ఎగరేసుకోవచ్చని మెసేజ్‌లో రాసిచ్చారు. పక్క పొలంలో గుర్రాలున్నాయట, అటువైపు మాత్రం పోవద్దన్నారు. తూర్పుగాలి గారి కోళ్ల కేసు చదివి వినిపించాక మా వాడు ఆ పొలం మ్యాపు ప్రింట్ తీసి, గుర్రాల కంచెకి ఇవతల ఎర్ర పెన్నుతో గీత గీశాడు. శనివారం ఆ కాగితం పట్టుకుని వెళ్తున్నాం.