గూఢచారి ఓడను చేపల పరిశోధనకు ఎందుకు తీసుకున్నారు?

అనంత_కుర్రోడు:
మాది అనంతపురం, సముద్రమంటే టూర్‌కి పోయి చూసొచ్చేదే. మా అన్న కొడుకు ఇంటర్ బైపీసీ, ఫిషరీస్ చదువుతా అంటున్నాడు, వాడి పుణ్యమా అని నేనూ ఓడల వీడియోలు చూస్తున్నా. అమెరికాలో 'గోర్డన్ గంటర్' అని ఒక ఓడ ఉంది కదా, అది మొదట నేవీలో 'రిలెంట్‌లెస్' అనే పేరుతో సోవియట్ సబ్‌మెరైన్ల జాడ తీసేదంట. 1993లో నేవీ దాన్ని నోవాకి (సముద్రం, వాతావరణం చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) ఇచ్చేసింది, 1998లో చేపల పరిశోధనకు దించారు. ఊరికే వచ్చింది కదా అని తీసుకున్నారా, లేక ఆ ఓడలో ఏదైనా ప్రత్యేకత ఉందా? చేపలు పట్టి లెక్క చూడ్డానికి మామూలు ట్రాలర్ చాలదా?

ఇంజిన్‌రూమ్_కడప:
ఊరికే రావడం ఒక కారణం, కాదనను. కానీ అసలు సంగతి కింద ఇంజిన్ రూమ్‌లో ఉంది బ్రో. ఆ రకం ఓడల పని ఏమంటే, నీళ్లలో శబ్దం వినే మైకులు బిగించిన పొడవాటి కేబుల్‌ను వెనక లాగుతూ, మూడు నాట్ల (గంటకు దాదాపు ఐదున్నర కిలోమీటర్ల) వేగంతో వారాల తరబడి తిరగడం. సొంత ఇంజినే గోల చేస్తే ఎక్కడో దూరాన పోయే సబ్‌మెరైన్ ఏం వినపడుతుంది? అందుకే ఇందులో డీజిల్ ఇంజిన్ నేరుగా ప్రొపెల్లర్‌ను తిప్పదు, జనరేటర్ నడిపి కరెంటు ఇస్తుంది, ఆ కరెంటుతో మోటార్లు ప్రొపెల్లర్‌ను తిప్పుతాయి. జనరేటర్ల అదురు ఓడ అడుక్కి దిగకుండా వాటి కింద రబ్బరు దిమ్మెలు వేస్తారు. పైగా ట్రాల్ వల లాగేది కూడా మూడు నాలుగు నాట్లలోనే, నిదానంగా పోతూ బరువు లాగడం దీనికి పాత అలవాటే. వెనక డెక్ కూడా ఖాళీగా ఉంటుంది, వించీలు, క్రేన్లు పెట్టుకోవచ్చు.

బీఎఫ్‌ఎస్సీ_ఫైనల్:
పైన సార్ చెప్పిందానికి చేప వైపు నుంచి ఒక మాట. చేపలకు బాగా వినపడుతుంది, ముఖ్యంగా ఇంజిన్ మోతలాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలు. గోల చేస్తూ ఓడ వస్తే గుంపు లోతుకో పక్కకో జారుకుంటుంది. మనం ఎకోసౌండర్‌తో కిందికి శబ్దం పంపి, చేప గాలితిత్తికి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎంత సరుకుందో అంచనా వేస్తాం, అవి ముందే పారిపోతే లెక్క తక్కువొస్తుంది, ఆ లెక్క మీదే రేపు ఎంత పట్టుకోవచ్చో తేల్చేది. గోర్డన్ గంటర్ మీద తిమింగలాల సర్వే కూడా చేస్తారు, వెనక హైడ్రోఫోన్లు (నీళ్లలో వినే మైకులు) లాగుతూ వాటి టిక్ టిక్ చప్పుళ్లు వింటారు. ఒకప్పుడు సబ్‌మెరైన్లను విన్నట్టే!

కర్నూలు_రెడ్డన్న:
మరీ ఆకాశానికెత్తకండబ్బా. 1993లో చేతికొచ్చిన ఓడ 1998 దాకా పనిలోకి దిగలేదంటే, పాత ఓడ మార్చడం అగ్గువ కాదని అర్థం. నోవా వాళ్లే తర్వాత 'ఆస్కార్ డైసన్' లాంటివి మొదటి నుంచీ చేపల పరిశోధనకే, శబ్దం తక్కువ ఉండేలా కట్టించుకున్నారు, డైసన్ 2005లో దిగింది. మన దేశపు పరిశోధన ఓడ 'సాగర్ సంపద' కూడా 1984లో డెన్మార్క్‌లో ఈ పనికోసమే కట్టించిందే. డబ్బులుంటే కొత్తది, లేకుంటే ఇదిగో ఇట్లా.

అనంత_కుర్రోడు:
అర్థమైందన్నా, థాంక్స్. మావాడు ఓడెక్కాలంటే ఏం చదవాలి?

బీఎఫ్‌ఎస్సీ_ఫైనల్:
రెండు దార్లు. సైంటిస్టుగా అయితే ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాసి నెల్లూరు దగ్గర ముత్తుకూరు కాలేజీలో బీఎఫ్‌ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ), తర్వాత పీజీ. ఓడ నడిపే వైపైతే కొచ్చిలో సిఫ్‌నెట్ (చేపల ఓడల నడపడం, ఇంజిన్ పని నేర్పే కేంద్ర సంస్థ), వైజాగ్‌లో కూడా దాని యూనిట్ ఉంది. నోటిఫికేషన్‌లో బైపీసీ వాళ్లకు అర్హత ఉందో లేదో ముందే చూసుకోమను. సముద్రం మీద వాంతులొస్తాయని కూడా చెప్పండి, మా బ్యాచ్‌లో ఒకడు మొదటి ట్రిప్పులోనే చేతులెత్తేశాడు.