పర్వత మార్గాల్లో ఒంటరి ప్రయాణం: మధ్యాహ్నానికే బండి ఆపడం అవసరమా?

ప్రశ్న:
మోటార్‌సైకిల్‌పై ఒంటరిగా పర్వత ప్రాంతాల్లో దీర్ఘయాత్ర చేసేవారు మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఆ రోజు ప్రయాణం ముగించాలని అనుభవజ్ఞులు తరచూ చెబుతుంటారు. వేసవిలో సాయంత్రం ఏడింటి వరకు వెలుతురు ఉండగా అయిదు గంటల పగటిని వదులుకోవడం సబబేనా? నా దృష్టిలో ఇది బృందాలకు పనికివచ్చే నియమం. ఒంటరిగా వెళ్లేవాడు అలసట వచ్చినప్పుడు ఆగవచ్చు, శక్తి ఉన్నంతసేపు సాగవచ్చు. ఆ స్వేచ్ఛ కోసమే కదా ఒంటరిగా బయలుదేరేది?

మొదటి సభ్యుడు:
అలసట వచ్చినప్పుడు ఆగవచ్చునన్న మాటతో నేను ఏకీభవించలేను. మైదానంలో అది నిజమే. 3,000 మీటర్లు దాటిన తరువాత, అలసటను పసిగట్టవలసిన మెదడుకే ప్రాణవాయువు తగ్గుతుంది. 5,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. తలనొప్పి, వికారం ఎవరికి వారికి తెలుస్తాయి గాని, నడక తూలడం, ఆలోచన మందగించడం వంటి ప్రమాదకర లక్షణాలను చాలాసార్లు ముందుగా గమనించేది పక్కనున్న మనిషి. ఒంటరి ప్రయాణికుడికి ఆ మనిషి ఉండడు. కనుక ఎక్కడ, ఎప్పుడు ఆగాలన్న నిర్ణయాన్ని తల తేటగా ఉన్న ఉదయమే తీసుకొని, సాయంత్రం దానిని తిరగదోడకుండా ఉండటం బృందంలోని వారికంటే అతనికే ఎక్కువ అవసరం.

ఇక పర్వతాల్లో మధ్యాహ్నం సంగతి. ఎండకు హిమానీనదాలు కరుగుతాయి కాబట్టి, ఉదయం చీలమండ లోతున దారికి అడ్డంగా పారిన వాగు సాయంత్రానికి చక్రపు ఇరుసును అందుకోవచ్చు. అందులో బండి పడితే లేపడానికి రెండో చేయి లేదు. ఉరుములతో కూడిన వానలు కురిసేది కూడా ఎక్కువగా మధ్యాహ్నం తరువాతే. పైగా ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది గనుక, లోయలో వాన కురుస్తున్నప్పుడు కనుమ మీద మంచు పడుతూ ఉండవచ్చు. మిగిలిన ఆ అయిదు గంటలూ వృథా కావు: చైను బిగువు సరిచేసుకోవాలి, బ్రేకు ప్యాడ్లు చూసుకోవాలి, తడిసిన చేతితొడుగులు ఆరబెట్టుకోవాలి, అటువైపు నుంచి వచ్చినవారిని రేపటి దారి గురించి అడిగి తెలుసుకోవాలి.

రెండవ సభ్యుడు:
నియమం ఉద్దేశం మంచిదే. కానీ రెండింటికల్లా ముగించాలంటే చాలా రోజులు చీకటితోనే బయలుదేరాలి. ఎండ తగలని మలుపుల్లో రాత్రి గడ్డకట్టిన నీటిపొర ఆ వేళ కంటికి ఆనదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, రెండు కొట్టేసరికి కనుమకు ఇవతల 4,500 మీటర్ల వద్ద ఉంటే అక్కడే పడుకోమంటారా? 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచవద్దన్నది పర్వత వైద్యంలో స్థిరపడిన సలహా. నేనైతే మరో గంటన్నర నడిపి అవతలి లోయలోకి దిగుతాను.

మొదటి సభ్యుడు:
పడుకునే ఎత్తు విషయంలో మీ మాట పూర్తిగా నిజం. ఆ పరిస్థితిలో దిగడమే సరి. అయితే ఆ దిగుడు ఎలాంటిదో కూడా చూడండి. చిన్న గేరులో, ఇంజనుతోనే వేగాన్ని అదుపు చేస్తూ దిగాలని అందరికీ తెలుసు, కానీ రోజంతా నడిపి చలికి బిగుసుకుపోయిన మనిషి తెలియకుండానే బ్రేకును పట్టుకొని ఉండిపోతాడు. బ్రేకు ద్రవం మరిగిందంటే లీవరు పట్టు లేకుండా లోపలికి పోతుంది. అందువల్ల కనుమ దాటే రోజును ముందురోజే సిద్ధం చేసుకోవాలి. కనుమ పాదం దగ్గర రాత్రి గడిపి, రోడ్డు మీద ఎండ పడ్డాక బయలుదేరితే మీరు చెప్పిన రెండు ప్రమాదాలూ చాలావరకు తప్పుతాయి.

రెండు గంటలే కావాలన్న పట్టింపు నాకు లేదు, మూడైనా ఫరవాలేదు. ఆ వేళ ముందుగా ఒకరికి చెప్పినదై ఉండాలి. ఫోను సిగ్నల్ లేని ప్రాంతంలోకి వెళ్లేముందు, "ఫలానా ఊరు చేరినట్టు సాయంత్రం ఆరులోగా కబురు రాకపోతే వెతికించండి" అని ఇంట్లో చెప్పి వెళితే, మలుపు కింద పడిపోయినా ఆ రాత్రే వెతుకులాట మొదలుకావచ్చు. శక్తి ఉన్నంతసేపు సాగుతానని బయలుదేరిన మనిషి కోసం ఎప్పుడు కంగారుపడాలో ఇంట్లోవారికి తెలియదు.