నిర్ణయం నాదేనట, చేయి మాత్రం ఆడడం లేదు

ప్రశ్న:
ఏడాది క్రితం కర్మాగారంలో మెయింటెనెన్స్ విభాగం నాకు అప్పగించారు. "మీ విభాగం, మీ నిర్ణయం" అన్నారు డైరెక్టరు గారు. ఒక పరిమితి లోపు కొనుగోళ్లకు నా సంతకం చాలు. కానీ నెలాఖరుకు బడ్జెట్ దాటితే ప్రతి అంకెకూ సంజాయిషీ రాయాలి.

పోయిన నెల 22న ఒక పంపు బేరింగు గరగరమంటోందని మా ఫిట్టరు చెప్పాడు. అప్పటికే బడ్జెట్ అంచుల దాకా వచ్చింది. ఒకటో తేదీ దాకా ఆగుదామన్నాను. 28న షాఫ్టుతో సహా పోయింది. 19 గంటలు లైను ఆగింది. ఆ నష్టం ఉత్పత్తి విభాగం పద్దులో పడింది. షాఫ్టు బిల్లు ఈ నెలలోకి వచ్చింది. పోయిన నెల నా నివేదిక మాత్రం చూడముచ్చటగా ఉంది! ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అదే మింగుడు పడడం లేదు. పిరికితనం నాదా, ఏర్పాటులోనే లోపమా?

జవాబు 1:
మీ సంజాయిషీలు చదివే వైపు కూర్చునేవాణ్ణి నేను. మేనేజరును తన చేతిలో ఉన్న ఖర్చులతోనే తూచాలని మా అకౌంటింగ్ చదువులో ఒక సూత్రం ఉంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. బేరింగు ఖర్చు మీ పద్దులో, లైను ఆగిన నష్టం మరొకరి పద్దులో ఉంటే మాత్రం ఎవరైనా బేరింగునే ఆదా చేస్తారు. ఆగిన గంటలను మీ నివేదికలోకీ తెప్పించుకోండి. కోపగించుకోకపోతే ఒక మాట: పరిమితి దాటకూడదని ఒకే ఆర్డరును ఎప్పుడైనా ముక్కలు చేశారా?

జవాబు 2:
ఆర్థికవేత్తలు ఫిలిప్ అఘియాన్, జీన్ టిరోల్ 1997లో కాగితం మీది అధికారాన్నీ అసలు అధికారాన్నీ విడదీసి చూపారు. సమాచారం ఎవరి దగ్గర ఉంటే నిర్ణయం నిజానికి వారిదే. పైవారు అన్నింటిలో తలదూర్చే కొద్దీ కిందివారికి విషయం ఆరా తీయాలన్న ఆసక్తి పోతుంది. మీ దగ్గర కథ వేరు. గరగర సంగతి మీకు తెలిసింది, పైకి చేరలేదు. 22న డైరెక్టరుకు ఫోను ఎందుకు చేయలేదు?

ప్రశ్న అడిగినవారు:
ముక్కలు చేశాను, రెండుసార్లు. ఫోను సంగతంటారా, అంతకుముందు ఒకసారి చేస్తే "నిర్ణయం మీదే కదా" అన్నారు. మళ్లీ చేయాలనిపించలేదు.

జవాబు 3:
అయితే మీకు అప్పగించింది అధికారం కాదండీ, నింద. మేనేజ్‌మెంట్ ఆచార్యుడు రాబర్ట్ సైమన్స్ 1995లో చెప్పిన తేడా మీకు పనికొస్తుంది. ఒకే నివేదికను గీత దాటినప్పుడు మాత్రమే చూడవచ్చు, లేదా ముందు పెట్టుకుని ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. మీ డైరెక్టరు మొదటి రకం. నెల మధ్యలో పావుగంట అడగండి. బడ్జెట్ ఊసెత్తకండి, ఏ యంత్రం మోత పెడుతోందో చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
పావుగంట దొరికింది, సోమవారం. నివేదికలో ఆగిన గంటలకు ఒక గడి చేర్చాను. దాని పక్కన ఫిట్టరు నాకు చెప్పిన తేదీకి మరొకటి. అది నింపడానికే ఎక్కువ సేపు పట్టింది.