సరిహద్దు బ్లాకుల్లో ప్రభుత్వ ఆఫీసులన్నిటికీ ఒకే నెట్‌వర్కా, ఎవరి లైను వాళ్లదా?

వంశధార (చర్చ మొదలుపెట్టినవారు)
ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని మన తెలుగువాళ్లు చెప్పాలి. బ్లాకు ఆఫీసు పక్కనే తహసీల్, రోడ్డు దాటితే ఆసుపత్రి, ఆ పక్కన పోలీసు స్టేషను. ఒక్కొక్కరిదీ ఒక్కో కనెక్షను, ఒక్కో బిల్లు, ఒక్కో కాంట్రాక్టరు. అన్నీ ఒకే నెట్‌వర్కు మీదికి రావాలంటాను. 2005లో కేంద్రం ఆమోదించిన స్వాన్ (రాష్ట్రమంతటి ప్రభుత్వ ఆఫీసుల్ని కలిపే నెట్‌వర్కు) పథకం ఉద్దేశం ఇదే: రాజధాని నుంచి జిల్లాకి, అక్కణ్ణుంచి బ్లాకుకి కనీసం 2 ఎంబీపీఎస్ లైను, దాని మీద అన్ని శాఖలూ. బ్లాకు కింద పంచాయతీల కోసం 2011లో ఫైబర్ పథకం ఒప్పుకున్నారు, ఇప్పుడు దాన్నే భారత్‌నెట్ అంటున్నాం. వేసిన ఫైబర్‌ని అందరూ పంచుకోవడానికి అడ్డేమిటి?

రాయగడ సేవాకేంద్రం
అడ్డు నేను చెప్తాను. నేను సర్టిఫికెట్ల అప్లికేషన్లు పెట్టే కేంద్రం నడుపుతున్నాను. కేంద్రానికి ఫైబరే తీసుకోండి, అందరికీ అదే లైను అన్నారని తీసుకున్నా. అది తెగితే పంచాయతీ, బడి, నేను ముగ్గురం ఒకేసారి పోయాం. వారాలు గడిచాయి. స్కాలర్‌షిప్ ఆఖరి తేదీ దాటిపోయిన పిల్లల తల్లిదండ్రులు కసిరింది నన్నే. ఇప్పుడు రెండు కంపెనీల సిమ్ములు పెట్టుకున్నా, ఒకటి పోతే ఇంకోటి. ఎవరి లైను వాళ్లదే మేలు.

కొరాపుట్ కాఫీ
రాయగడ అన్న మాటే నాదీ.

పాత కేబుల్
టెలికంలో కేబుల్ పని చేసి రిటైరైన మనిషిని. తెగింది అంటున్నారు, ఎందుకు తెగింది? రోడ్డు వెడల్పు చేసే జేసీబీ తెంపుంటుంది. మామూలు మట్టిలో మీటరున్నర లోతు తవ్వాలి. రాతి నేల అని సగంలో ఆపి మట్టి కప్పేస్తే అంతే అవుతుంది. సరిగ్గా పాతితే ఒకే లైను చాలు.

బరంపురం బజారు
గురువుగారూ, ఈ కొండల్లో మీటరున్నర ఎవరు తవ్వుతారు? ఆంధ్రాలో కరెంటు స్తంభాల మీద లాగేశారు. 2017 చివరికల్లా నెలకి 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇస్తామన్నారు. మనమూ స్తంభాలే వాడాలి.

పాత కేబుల్
2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళంలో, మన గజపతిలో స్తంభాలు ఎలా పడున్నాయో చూశారా? స్తంభంతోపాటు తీగా పోతుంది. తుపాను రోజే కదా కలెక్టరుకి, ఆసుపత్రికి లైను కావలసింది!

బరంపురం బజారు
పడిన తీగ రెండ్రోజుల్లో మళ్లీ లాగొచ్చు. భూమిలో ఎక్కడ తెగిందో వెతకడానికే వారం.

పాత కేబుల్
వారం ఎందుకు? ఓటీడీఆర్ మెషీను పెడితే ఎన్నో మీటరు దగ్గర తెగిందో అదే చెప్తుంది. తెలియని విషయం మాట్లాడకండి.

వంశధార
స్తంభమా, గొయ్యా అన్నది కాదండీ నా ప్రశ్న. పంచుకోవాలా వద్దా అన్నది.

జయపురం అబ్బాయి
బ్రిటన్‌లో ప్రభుత్వ సంస్థలన్నిటికీ కలిపి పీఎస్‌ఎన్ అని ఒకటి కట్టారు. 2017లో వాళ్లే, చాలా పనులకి మామూలు ఇంటర్నెట్ సరిపోతుంది, దీన్నుంచి బయటికొద్దాం అన్నారు. మనం ఇప్పుడు కట్టడం దేనికి?

వంశధార
తమ్ముడూ, అక్కడ మామూలు ఇంటర్నెట్ దాదాపు ప్రతి ఆఫీసు గుమ్మందాకా ఉంది. గుణుపురం దాటి కొండెక్కితే సిగ్నల్ ఉంటుందా? రేషను డీలరు వేలిముద్ర మెషీను పట్టుకుని చెట్టు కిందికి నడవాలి. కంపెనీకి లాభం లేని చోట ప్రభుత్వమే లైను వెయ్యాలి. వేసింది ఒక్క శాఖ దగ్గరే పెడితే ఎవరికి లాభం?

రాయగడ సేవాకేంద్రం
పంచుకోండి, పంచుకోండి అంటున్నారు. పాడైతే ఎవరిది? బ్లాకులో అడిగితే జిల్లా అన్నారు, జిల్లాలో అడిగితే భువనేశ్వర్ కాంట్రాక్టరు అన్నారు. పెన్షన్లు తీసుకుని ఇంట్లో కూర్చుని మీటరున్నర లోతు గురించి చెప్పేవాళ్లకి ఇది తెలీదు.

పాత కేబుల్
నోరు అదుపులో పెట్టుకో బాబూ. వానలో గోతిలో కూర్చుని రాత్రంతా జాయింట్లు వేసిన చేతులివి. మీ ఊళ్లో మొదటి ఫోను మోగింది మాలాంటి వాళ్ల వల్లే.

రాయగడ సేవాకేంద్రం
అదే నేనూ అడుగుతున్నా. అప్పుడు ఊరికి మీలాంటి లైన్‌మన్ ఒకడుండేవాడు, ఇంటికెళ్లి తలుపు కొట్టేవాళ్లం. ఇప్పుడు ఎవరి తలుపు కొట్టాలి? మా బ్లాకులో ఒక మనిషి, తెగిన ఫైబర్ అతికే స్ప్లైసింగ్ మెషీను ఒకటి, రిపేరు డబ్బు బీడీఓ చేతిలో ఉంటే రేపే ఒకే నెట్‌వర్కుకి ఒప్పుకుంటా.

పాత కేబుల్
అక్కడే నాకు నీతో పేచీ. బీడీఓ చేతికి డబ్బిస్తే లోకల్ నాయకుడి బావమరిదికి పోతుంది. ఒక బ్లాకు ఒక రకం కేబులు, ఇంకో బ్లాకు ఇంకో రకం కొంటుంది. రాష్ట్రం మొత్తానికి ఒకే టెండరు, ఒకే నాణ్యత ఉండాలి. 2023లో 1,39,579 కోట్లతో సవరించిన భారత్‌నెట్‌లో వేసేవాడే పదేళ్లు నడపాలని పెట్టారు. అది సరైన పద్ధతి.

రాయగడ సేవాకేంద్రం
పదేళ్లు కాయితం మీద నడుపుతాడు. గుణుపురంలో ఎవడుంటాడు?

పర్లాకిమిడి కోడలు
మీరిద్దరూ ఒడిశా లోపలే తిరుగుతున్నారు. మాకు ఆంధ్రాలోని పాతపట్నం పక్కనే. ఒంట్లో బాగులేకపోతే శ్రీకాకుళం ఆసుపత్రికి పోతాం, ఇక్కడి రిపోర్టులు అక్కడ తెరుచుకోవు. అన్నీ సంచీలో మోసుకెళ్లాలి. ఒకే నెట్‌వర్కు అంటే రాష్ట్రం గీత దగ్గర ఆగిపోయేదైతే మాకేటి?

వంశధార
అమ్మా, రిపోర్టులు తెరుచుకోవాలంటే లైను చాలదు, రెండు రాష్ట్రాల ఆసుపత్రులూ ఒప్పుకోవాలి. కానీ లైనుకి కూడా మీ మాట పనికొస్తుంది. మొదటి దశలో చాలాచోట్ల తీగ ఒకే వరసలో వెళ్లింది, మధ్యలో తెగితే వెనకున్న పంచాయతీలన్నీ పోతాయి. సవరించిన పథకంలో రింగు పెట్టమన్నారు, ఒక దారి తెగితే రెండో దారి. సరిహద్దు పంచాయతీలకి ఆ రెండో దారి పాతపట్నం మీదుగా ఎందుకు తియ్యకూడదు? నౌపడ నుంచి గుణుపురం పోయే రైలు టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడి మీదుగానే పోతుంది. ట్రాక్ పక్కన కేబులు వేస్తే జేసీబీ భయమూ తక్కువ.

పాత కేబుల్
సాంకేతికంగా అడ్డేమీ లేదు. ఆంధ్రా వైపు తెగితే బిల్లు ఎవరు కడతారో ముందే రాసుకోవాలి.

బరంపురం బజారు
ట్రాక్ లేని కొండ పంచాయతీలకి మళ్లీ స్తంభాలే గతి.

రాయగడ సేవాకేంద్రం
పాతపట్నం మీదుగా వేసినా, విశాఖ మీదుగా వేసినా నేను అడిగిందానికి జవాబు రాలేదు. టెండరు భువనేశ్వర్‌లోనే పెట్టుకోండి. రిపేరు చేసే మనిషి మాత్రం బ్లాకులో కాపురం ఉండాలి, ఆ మనిషి సంతకం లేకుండా కాంట్రాక్టరుకి బిల్లు పాసవకూడదు. దీనికి పాత కేబుల్ గారు ఒప్పుకుంటారా?

పాత కేబుల్
మనిషి ఉండాలి, ఒప్పుకుంటా. బిల్లు మీద సంతకం పెట్టే అధికారం మాత్రం బ్లాకుకి ఇవ్వకూడదు.

రాయగడ సేవాకేంద్రం
అయితే నా రెండు సిమ్ములు నా దగ్గరే ఉంటాయి.